నంద్యాల నుండి అహోబిలమునకు: ఒక పగటి సైకిలు యాత్ర

సెలవుల అనంతరము కళాశాల తెరచిన నాటి నుండి మమ్ములను కలిసిన ప్రతివారూ ఒకే ప్రశ్న వేస్తున్నారు: “ఎగువ అహోబిలం చేరారా?” చేరలేదు. ఇంకా మూడు కిలోమీటర్లు ఉండగా వెనుదిరిగాము. ఈ సమాధానము విని కొందరు జాలిపడ్డారు, కొందరు నవ్వారు. యాత్రకు అనుమతి ఇచ్చిన కమిటీ పెద్దలు మాత్రము “ఎందుకు తిరిగి వచ్చారు?” అని నిదానముగా అడిగారు. ఆ ప్రశ్నకు నాలుగు మాటలలో చెప్పదగిన జవాబు లేదు. నేల వాలు, సైకిలు శక్తి, మనిషి దాహము, పగటి నిడివి, ఈ నాలుగింటి లెక్క చెప్పితేనే గాని అది తెలియదు. ఆ లెక్కను సోదర విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసము ఉద్దేశము.

కమిటీ వారు విధించిన షరతులు రెండే. చీకటి పడిన తరువాత ఒక్క చక్రము కూడా రోడ్డుపై తిరుగరాదు. ఆరుగురు వెళ్ళినచో ఆరుగురూ కలిసియే ఉండవలెను. ఈ రెండింటికీ ఒప్పుకొని కాగితముపై సంతకములు చేసి ఇచ్చాము. మాలో ముగ్గురు ఉర్దూ మాధ్యమము వారు, ముగ్గురు తెలుగు మాధ్యమము వారు.

ముందుగా మా నేల స్వరూపము చెప్పవలసి ఉన్నది. నంద్యాలకు తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు ఉత్తర దక్షిణములుగా సాగుతున్నాయి. రెండింటి నడుమ పొడవైన లోయ. ఆ లోయలో కుందు నది దక్షిణముగా ప్రవహించి, కడప జిల్లాలో కమలాపురము సమీపమున పెన్నలో కలుస్తుంది. పాత గ్రంథములలో దీనికి కుముద్వతి అని కూడా పేరున్నది. ఈ లోయ ఎట్లా ఏర్పడినదో రాళ్ళు చెబుతాయి. 1872లో విలియం కింగ్ అను భూవిజ్ఞాన శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతపు శిలలను గూర్చి ఒక గ్రంథము వెలువరించాడు. నేటికీ భూవిజ్ఞాన గ్రంథములలో “నంద్యాల షేలు”, “కోయిలకుంట్ల సున్నపురాయి” అను పేర్లు కనబడతాయి. షేలు మెత్తని పలకరాయి. అది నీటికి త్వరగా అరిగి పల్లమై, పైన నల్లరేగడి నేల ఏర్పడినది. నల్లమలలోని గట్టి క్వార్ట్జైటు రాయి అంత సులభముగా అరుగక కొండలై నిలిచినది. అందుచేతనే నంద్యాల నుండి ఆళ్ళగడ్డ వరకు బాట దాదాపు సమతలముగా ఉండి, అహోబిలము వద్ద కొండ ఎదురుగా లేచి నిలుస్తుంది. మా యాత్రలోని సుఖమునకూ కష్టమునకూ మూలము ఈ రెండు రాళ్ళ భేదమే.

ఇక సైకిలు సంగతి. మా ఆరింటిలో అయిదు ఊరిలో పాలవారు, పోస్టు వారు వాడే సాధారణపు పెద్ద సైకిళ్ళు. ఒకటి మాత్రము గేర్లు గలది. పెద్ద సైకిలు చక్రము వ్యాసము 28 అంగుళములు. ఒక్కసారి తిరిగితే సుమారు 2.23 మీటర్లు సాగుతుంది. ముందు చెయిను చక్రమునకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పండ్లు ఉన్నందున, పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరిగి బండి 5.45 మీటర్లు ముందుకు పోతుంది. సమతలమున ఇది చక్కని లాభము. కాని కొండ ఎక్కేటప్పుడు ఈ లాభమే భారమవుతుంది. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు, సామాను 10 కిలోలు, మొత్తము 90 కిలోలు అనుకొందాము. మంచి రోడ్డుపై నెమ్మదిగా పోవునపుడు చక్రముల దొర్లుడును సాగించుటకు సుమారు 1 కిలో బరువును లాగునంత బలము చాలును. 20 మీటర్లకు 1 మీటరు లేచే వాలు వచ్చినదంటే దానికి తోడు మరి నాలుగున్నర కిలోల బలము కావలెను. అనగా కంటికి అల్పముగా తోచే వాలు మన శ్రమను అయిదు రెట్లు మించి పెంచుతుంది. గేర్ల సైకిలు ఈ బరువును తగ్గించదు. ఒక్క చుట్టుకు పోయే దూరమును తగ్గించి, అదే పనిని చిన్న చిన్న భాగములుగా పంచుతుంది. అంతకు మించిన మాయ అందులో లేదు.

ఈ మార్గమున యాత్ర చేసినవారిలో మేము మొదటివారము కాము. 1830 మే నెలలో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా వచ్చి, అహోబిలము, మహానంది చూచుకొని శ్రీశైలము వైపు సాగిపోయారు. పల్లకీలో ప్రయాణము, బోయీల భుజములే ఆధారము. ఆయన యాత్రా చరిత్ర చదివినవారికి మజిలీల మధ్య దూరము, నీటి వసతి, దారి మంచిచెడ్డలు ఎంత శ్రద్ధగా వ్రాసుకొన్నారో తెలుస్తుంది. సైకిలు విషయమునకు వస్తే, 1923 అక్టోబరులో బొంబాయి నుండి కొందరు పార్సీ యువకులు ప్రపంచము చుట్టి రావడానికి సైకిళ్ళపై బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అను ముగ్గురు సుమారు 71 వేల కిలోమీటర్లు ప్రయాణము చేసి 1928 మార్చిలో ఇల్లు చేరారు. వారి ముందు మాది ఇంటి ముంగిట నడక వంటిది. అయినా లెక్క తప్పినచో ఇంటి ముంగిట కూడా ప్రమాదము రావచ్చునని ఆనాడు తెలుసుకొన్నాము.

బయలుదేరుటకు ముందునాటి సాయంత్రము కర్నూలు రోడ్డుపై కుందు వంతెన వద్దకు పోయి నదిని చూచి వచ్చాము. డిసెంబరు మాసమగుటచే నీరు సన్నగా, నిదానముగా ఉన్నది. ఇదే నది, దీనిలో కలిసే మద్దిలేరు వంటి వాగులు వాన పట్టినపుడు ఊరిలోనికి వచ్చిన దినములు నంద్యాల వారు మరువలేదు. 2019 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షములకు మహానంది ఆలయ ప్రాంగణము సైతము నీట మునిగినది. కొండపై పడిన వాన ఎంత వేగముగా లోయకు దిగునో అప్పుడు అందరమూ చూచాము. వాన దిగిన ఆ వాలునే మరునాడు మేము కాళ్ళతో ఎక్కవలసి ఉన్నది.

ఉదయము 5 గంటల 30 నిమిషములకు నంద్యాల విడిచాము. నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఇప్పుడు ఇది 40వ నంబరు జాతీయ రహదారి, నాలుగు వరుసల బాట. లారీల రాకపోకలు ఎక్కువగుటచే ఒకరి వెనుక ఒకరము ఎడమ అంచున సాగాము. అందరికన్న నెమ్మదిగా తొక్కువాడు ముందు ఉండవలెననీ, గేర్ల సైకిలు కలవాడు చివర రావలెననీ మా ఏర్పాటు. ముందువాని వేగమే అందరి వేగము. దీబగుంట్ల దాటునప్పటికి తూర్పున నల్లమల నల్లని గోడవలె కనబడి, దాని వెనుక నుండి ఎండ మెల్లగా పొలములపైకి వచ్చినది. శిరివెళ్ళ మెట్ట వద్ద కొంత ఎగువ, పిదప దిగువ. బస్సులో ఎన్నో మార్లు ఈ దారిని పోయిన మాకు అక్కడ మెట్ట ఉన్నదని ఆనాడే తెలిసినది. ఊరి పేరులోని “మెట్ట”ను మా మోకాళ్ళు ముందు చదివాయి.

ఈ దారిలో కాలువలు తరచుగా ఎదురవుతాయి. అవి కర్నూలు–కడప కాలువ నీటిని పొలములకు చేర్చేవి. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ వారు 1863 నుండి 1870 వరకు ఈ కాలువను తవ్వించారు. సాగునీటితో పాటు పడవల రాకపోకలు కూడా వారి ఉద్దేశములోనివే. కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసినది. కాలువ తవ్వువాని విద్య యావత్తు వాలులోనే ఉన్నది. వాలు ఎక్కువైతే నీరు గట్లను కోస్తుంది, తక్కువైతే బురద పేరుకొంటుంది. అందుచేత మైలుకు కొద్ది అంగుళముల చొప్పున మాత్రమే దింపుతూ తీసికొనిపోతారు. కాలువ గట్టు వెంబడి సైకిలు తొక్కినవానికి ఎక్కడా కష్టము తెలియకపోవడానికి ఇదే కారణము. నీటికి సులభమైన దారి చక్రమునకూ సులభమే.

నల్లగట్ల మీదుగా 9 గంటల 15 నిమిషములకు ఆళ్ళగడ్డ చేరాము. ఊరిలో రోడ్డు పక్కన శిల్పుల పాకలు కలవు. సగము చెక్కిన విగ్రహములు, రాతిపొడి, ఉలిదెబ్బల చప్పుడు. కొంతసేపు నిలిచి చూచాము. రెండు సైకిళ్ళకు పంచరు పడినందున ఒక వృద్ధ మిస్త్రీ దుకాణమునకు పోయాము. ఆయన ట్యూబు నీటిలో ముంచి బుడగ చూచి, ఆకురాయితో గీకి, సొల్యూషను పూసి, అట్టు అంటించునంతసేపు మాతో ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడుతూనే ఉన్నాడు. అహోబిలము పోతున్నామని చెప్పగా మా సీసాలవైపు చూచి, “నీళ్ళు చాలవు బాబూ. నిదానంగా పోండి. కొండ యాడికీ పోదు” అన్నాడు. మేము నవ్వి డబ్బులిచ్చి వచ్చాము. ఆ మాటను అప్పుడే మనసుకు పట్టించుకోవలసినది.

10 గంటల 15 నిమిషములకు ఆళ్ళగడ్డ నుండి తూర్పుగా తిరిగాము. దిగువ అహోబిలమునకు సుమారు 25 కిలోమీటర్లు. అంతవరకు దక్షిణముగా పోయినందున పక్కగా వీచిన ఈశాన్యపు గాలి ఇప్పుడు ఎదురుగాలి అయినది. నేల కూడా కొండవైపు కొంచెము కొంచెముగా లేస్తున్నది. కన్ను దానిని సమతలమనే అంటుంది, కాలు ఒప్పుకోదు. నల్లమల నుండి దిగివచ్చే వంకలు బాటను అడ్డముగా కోసి కుందు వైపు పోతున్నాయి. కొండ పాదము సమీపమున తెలుగుగంగ కాలువ వంతెనపై కొంతసేపు ఆగాము. 1983లో ఆరంభమైన ఈ పథకము శ్రీశైలము జలాశయములోని కృష్ణా నీటిని పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరుల మీదుగా మద్రాసు నగరము వరకు చేరుస్తుంది. 1996లో ఆ నీరు మొదటిసారి తమిళనాడు చేరినది. ఈ విధముగా ఒక్క పూటలో మూడు నీళ్ళను చూచాము. కుందు నీరు ఈ కొండలది, కర్నూలు–కడప కాలువలోనిది తుంగభద్రది, తెలుగుగంగలోనిది కృష్ణది. ఈ రెండు నదులూ పడమటి కనుమలలో పుట్టినవి. మూడు నీళ్ళూ దక్షిణమునకే పోతున్నాయి. మేము మాత్రము వాటికి అడ్డముగా, కొండకు ఎదురుగా పోతున్నాము.

12 గంటల 45 నిమిషములకు దిగువ అహోబిలము చేరి, కోనేటి నీడన కూర్చుండి జొన్నరొట్టెలు, చిత్రాన్నము తిన్నాము. అహోబిలము తొమ్మిది నరసింహ ఆలయములకు ప్రసిద్ధి. చెంచుల ఆడబిడ్డను స్వామి వివాహమాడెనను కథను ఇక్కడి అడవిలోని చెంచులు నేటికీ తమ ఇంటి కథగా చెప్పుకొంటారు. దిగువ నుండి ఎగువకు 8 కిలోమీటర్లు, అడవిలో కొండదారి. పైన భవనాశి పారుతుంది. ఆ ప్రవాహమును చూడవలెనన్నదే మా అందరి కోరిక.

నంద్యాలలోనే ఒక కాగితముపై వ్రాసుకొన్న నియమము ఒకటి ఉన్నది: “ఎక్కడ ఉన్నను సరే, 2 గంటలకు వెనుదిరుగవలెను.” డిసెంబరు చివర మా ప్రాంతమున 5 గంటల 50 నిమిషములకు సూర్యాస్తమయము. ఎగువ నుండి ఆళ్ళగడ్డకు 33 కిలోమీటర్లు, మూడు గంటలు కావలెను. పంచరులకూ విశ్రాంతికీ ముప్పావు గంట పైచిలుకు మిగులుతుంది. ఇది లెక్క.

1 గంట 15 నిమిషములకు ఎక్కుట ఆరంభించాము. కొంత తొక్కుచు, కొంత తోసుకొంటూ పోయాము. దాదాపు అయిదు కిలోమీటర్లు పోయిన తరువాత, 1 గంట 50 నిమిషములకు, మాలో అందరికన్న చిన్నవాడు సైకిలును చెట్టుకు ఆనించి కూర్చున్నాడు. పిక్కలు పట్టివేశాయి. కళ్ళు తిరుగుతున్నవని అడిగితే గాని చెప్పలేదు. విచారించగా, బరువు తగ్గునని అతడు ఒకే లీటరు సీసా తెచ్చుకొన్నాడనీ, మధ్యలో ఒక్కమారే నింపుకొన్నాడనీ తేలినది. ఎండలో సైకిలు తొక్కువాని శరీరము గంటకు అర లీటరు నుండి ఒక లీటరు వరకు చెమటగా పోగొట్టుకొంటుంది. ఉదయము నుండి అతడు తాగినది రెండు లీటర్లకు మించదు. చెమటతో పోయినది నీరు మాత్రమే కాదు, ఉప్పు కూడా. తనవలన అందరూ ఆలస్యమగుదురను సంకోచముచే రెండు గంటలుగా అతడు ఈ బాధను దాచి ఉంచాడు.

నీడలో పడుకోబెట్టి, చొక్కా వదులు చేసి, లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాము. అతడు కొంచెము తేరుకొని, “నా మూలాన మీరు ఆగవద్దు భయ్యా, పోయి రండి” అన్నాడు. అప్పుడు మాలో వాదము పుట్టినది. ఎగువకు మూడు కిలోమీటర్లే ఉన్నది. ఒకరిని అతనికి తోడుగా ఉంచి నలుగురము పోయి వద్దామని ఒకరు అన్నారు. ఆ మాట అన్నవారు ఈ వ్యాసము వ్రాస్తున్న మాలోని వారే. దాచవలసిన పని లేదు. కొండ మీది ప్రవాహపు చప్పుడు వినబడుతున్నదేమో అన్నంత దగ్గరకు వచ్చిన వానికి ఆ మాట న్యాయముగానే తోస్తుంది. మాలో పెద్దవాడు గడియారము చూచి, “ఆరుగురమని రాసిచ్చినాము కదరా” అని మాత్రము అన్నాడు.

అక్కడనే లెక్క వేశాము. పైకి పోవుటకు ముప్పావు గంట, చూచుటకు అర గంట, తిరిగి ఇక్కడికి దిగుటకు మరి అర గంట. మొత్తము గంటా ముప్పావు. ఆ తరువాత బయలుదేరితే ఆళ్ళగడ్డ చేరునప్పటికి రాత్రి ఏడు దాటుతుంది. అడవి అంచున, దీపములు లేని బాటపై, నీరసించిన మిత్రునితో ఒకటిన్నర గంట చీకటి ప్రయాణము. రెండు షరతులూ ఒకేసారి భంగమగును. 2 గంటల 10 నిమిషములకు ఆరుగురము వెనుదిరిగాము.

దిగుట సులభమని తలచువారు పొరబడతారు. ఎక్కేటప్పుడు మనము కూడబెట్టిన శక్తిలో ఎక్కువ భాగము దిగేటప్పుడు బ్రేకుల వద్ద వేడిగా మారవలసినదే. పాత సైకిళ్ళ కడ్డీ బ్రేకులు ఇంత భారమునకు తగినవి కావు. ఒక సైకిలు రబ్బరు అరిగి రిమ్మునకు ఇనుము తగులుతున్నట్లు అప్పుడే చూచుకొన్నాము. బయలుదేరుటకు ముందే చూడవలసినది. అది మా తప్పు. అందుచేత అందరమూ సైకిళ్ళు పట్టుకొని నడిచియే దిగాము. 3 గంటల 5 నిమిషములకు దిగువ అహోబిలము చేరి, మరల నీరు తాగి, 3 గంటల 25 నిమిషములకు బయలుదేరాము. ఉదయము ఎదురైన గాలి ఇప్పుడు వెనుక నుండి తోసినది. నేల కూడా కుందు వైపు వాలినది. పొద్దు కళ్ళలో పడుతున్నందున వేగము తగ్గించుకొని, చిన్నవానిని ముందు ఉంచుకొని సాగాము. 5 గంటల 40 నిమిషములకు ఆళ్ళగడ్డ మొదటి ఇళ్ళు కనబడ్డాయి. పది నిమిషములలో పొద్దు కుంకినది.

రాత్రి ఒక మిత్రుని బంధువుల ఇంట కూర్చుండి దూరము కూడితే 99 కిలోమీటర్లు వచ్చినది. ఊరిలో ఒక్క చుట్టు తిరిగితే నూరు పూర్తియగునని ఒకరు లేచారు. చీకటి పడినది, చక్రము తిరుగరాదని తక్కినవారు కూర్చోబెట్టారు. మరునాడు నిదానముగా నంద్యాల చేరాము. చిన్నవాడు ఇప్పుడు ఆరోగ్యముగా ఉన్నాడు.

మా తరువాత పోదలచిన విద్యార్థులకు మా అనుభవము నుండి నాలుగు సూచనలు. చలికాలములోనే పోవలెను. ముందునాడే బ్రేకులు, టైర్లు పరీక్షింపవలెను. ఒక్కొక్కరు కనీసము రెండు లీటర్ల నీరు ఉంచుకొని, దాహము వేయకముందే తాగుతూ, ఊరూరా నింపుకొనవలెను. వెనుదిరుగు వేళను ఇంటివద్దనే నిర్ణయించుకొనవలెను. కొండపై నిలిచి నిర్ణయించునపుడు కోరిక లెక్కను తారుమారు చేస్తుంది. వీటికి మించి, బాధ కలిగినవాడు సిగ్గుపడక చెప్పగలిగిన స్నేహము ఆ జట్టులో ఉండవలెను. మా చిన్నవాడు రెండు గంటలు మౌనముగా ఉన్నాడంటే, ఆ లోపము అతనిది కాదు, మాది. వేగము గూర్చి ఉదయము నుండి మేము ఆడిన హాస్యములే అతని నోరు మూయించినవి.

కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ఈ యాత్రను ప్రతి సంవత్సరము జరిపింపగోరుతున్నాము. షరతులు రెండింటినీ అట్లే ఉంచవలెను. మూడవదిగా నీటి షరతును చేర్చవలెను. వచ్చే డిసెంబరులో మేము ఆరుగురమూ మరల దరఖాస్తు పెట్టుకొంటాము. ఈసారి మొదటి రాత్రి ఆళ్ళగడ్డలో మజిలీ చేసి, తెల్లవారుజామున కొండకు బయలుదేరుతాము. ముందు నడిచేవాడు ఆ చిన్నవాడే.